రోజుకి ఒక్క లారీ బియ్యం

మా తాతయ్య రంగంలో రైసుమిల్లు కూలీ. రంగం అంటే రంగూన్. మా శ్రీకాకుళం వైపు ముసలివాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి దిగినప్పుడు లక్షల మందితో పాటు ఆయనా కొండలు దాటి నడిచి వచ్చేశాడు. ఆ నడక గురించి మాకు చెప్పింది రెండే ముక్కలు. ఒకటి, దారిపొడవునా వాన. రెండు, మణిపూర్ రోడ్డు స్టేషన్లో ఎవరో పెట్టిన అన్నం.

నేను సివిల్ సప్లైస్‌లో ముప్ఫై ఏళ్లు బియ్యం బస్తాలు లెక్కపెట్టి రిటైరయ్యాను. ఖాళీ దొరికాక తాతయ్య నడిచిన దారి ఏదో తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే, 1944లో బ్రిటిష్ ఇండియా మీద దాడికి అవే కొండల్లోకి వచ్చిన జపాన్ 31వ డివిజన్ కథ తగిలింది. ఆ డివిజన్ కమాండర్ తిండి రాలేదని చెప్పి, పైవాళ్ల ఆర్డరు పక్కన పెట్టి, సైన్యాన్ని వెనక్కి తీసుకుపోయాడు. చావమంటే చచ్చే జపాన్ సైన్యంలో ఈ మాట! నాకు తుపాకుల సంగతి తెలీదు. బియ్యం సంగతి తెలుసు. వెళ్లి చూద్దామనిపించింది.

మొదటి రోజు, 2022 నవంబరు 13: ఇంఫాల్

విశాఖ నుంచి కలకత్తా మీదుగా మధ్యాహ్నానికి ఇంఫాల్‌లో దిగాం. నాతో మా బావమరిది. బ్యాంకులో పనిచేస్తాడు, మిగిలిపోయిన సెలవులు ఉన్నాయని వచ్చాడు. మణిపూర్‌కీ నాగాలాండ్‌కీ ఇన్నర్ లైన్ పర్మిట్లు, అంటే బయటి రాష్ట్రాలవాళ్లకి ప్రవేశ అనుమతులు, కావాలి. రెండూ వాడే ఆన్‌లైన్లో తీసి తలా నాలుగు జిరాక్సులు పెట్టుకున్నాడు. ‘బావా, కొండల్లో నెట్ ఉండదు, కాగితమే గతి’ అన్నాడు. తర్వాత చూస్తే అదే నిజమైంది.

నేరుగా ఊరికి దక్షిణాన రెడ్ హిల్ దగ్గరున్న శాంతి మ్యూజియానికి వెళ్లాం. 2019లో జపాన్ వాళ్ల సాయంతో కట్టారు. అద్దాల వెనక తుప్పుపట్టిన హెల్మెట్లు, తూటాల ఖోళ్లు, నీళ్ల సీసాలు. నన్ను పట్టేసింది ఒక జపాన్ సైనికుడి అన్నం డబ్బా. పైనుంచి చూస్తే అచ్చం మా పలాస జీడిపిక్క ఆకారం. నడుముకి కట్టుకుంటే ఒంటికి అతుక్కుని ఉండాలని అలా చేశారు. మూత మీద సొట్ట, అడుగున తుప్పు తినేసిన కన్నం. బియ్యం పోసి, నీళ్లు పోసి, పుల్లలు ముట్టించి అందులోనే వండుకునేవాళ్లు. గరిటె లేదు, ఇంకో గిన్నె లేదు.

రెడ్ హిల్ దగ్గర పోరాడింది 33వ డివిజన్. జపాన్ వాళ్లు డివిజన్లకి ఒక్క అక్షరంతో మారుపేర్లు పెట్టుకునేవారు. 33వది యుమి, అంటే విల్లు. 15వది మత్సురి, అంటే జాతర. మనం వెతుక్కుంటూ వెళ్తున్న 31వది రెత్సు, అంటే తీవ్రం. ఆకలితో చావడానికి వచ్చినవాళ్లకి జాతర అని పేరు పెట్టినవాడెవడో గానీ!

31వది పాత డివిజన్ కాదు. 1943 మార్చిలో బాంకాక్‌లో అతుకులేసి కుట్టారు. దాని మూడు దళాల్లో 58వ రెజిమెంట్, 138వ రెజిమెంట్ చైనా యుద్ధంలో ఉన్న వేరే డివిజన్ల నుంచి వచ్చాయి. 124వ రెజిమెంట్‌ది ఇంకో కథ. అది గ్వాడల్‌కెనాల్ దీవిలో సగానికి సగం పోయి, మిగిలినవాళ్లతో మళ్లీ నింపుకున్న రెజిమెంట్. గ్వాడల్‌కెనాల్‌ని జపాన్ సైనికులు ఆకలి దీవి అనేవారు. అంటే ఈ డివిజన్‌లో కొంతమందికి సప్లై అందకపోతే ఏమవుతుందో పుస్తకాల్లో చదవాల్సిన పని లేదు.

పైన 15వ సైన్యం కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ రెన్యా ముతగుచి. ఆయన ప్లాను ప్రకారం రెండు డివిజన్లు ఇంఫాల్ మీద పడాలి. 31వది ఉత్తరంగా కొండలు దాటి కొహిమా పట్టుకోవాలి. దీమాపూర్ రైలుస్టేషన్ నుంచి ఇంఫాల్‌కి ఉన్న ఏకైక మంచి రోడ్డు కొహిమా మీదుగానే పోతుంది. అక్కడ నొక్కితే ఇంఫాల్‌కి ఊపిరాడదు. కాగితం మీద బాగానే ఉంది. సైనికుల వీపున మూడు వారాల తిండి, వెంట వేల సంఖ్యలో ఎడ్లు. ఎడ్లు సామాను మోస్తాయి, తర్వాత వాటినే కోసుకు తినొచ్చు. చెంఘిజ్ ఖాన్ ఇలాగే చేశాడని ముతగుచి వాదన. మూడు వారాల్లో ఇంఫాల్ పడిపోతుంది, ఆపైన బ్రిటిష్ గోదాముల్లోదే తినొచ్చు అన్నాడు.

రాత్రి లాడ్జిలో కూర్చుని పాత అలవాటు కొద్దీ లెక్క వేశాను. కొహిమా వైపు వచ్చిన వాళ్లు పదిహేను వేల మంది అనుకుందాం. మనిషికి రోజుకి అరకిలో బియ్యం. ఏడున్నర టన్నులు. యాభై కిలోల బస్తాలు నూట యాభై. ఒక మామూలు లారీ లోడు. డివిజన్ మొత్తానికి రోజుకి ఒక్క లారీ బియ్యం! మా స్టాకు పాయింటు నుంచి పొద్దున్న టీ తాగేలోపు పంపేవాళ్లం. ఆ లారీ మూడు నెలల్లో ఒక్కసారి కూడా రాలేదు.

రెండో రోజు: సంగ్షాక్, ఉఖ్రుల్

ఇంఫాల్ నుంచి ఉఖ్రుల్ ఎనభై కిలోమీటర్ల చిల్లర. మైదానం దాటగానే రోడ్డు కొండెక్కుతుంది, ఇక దిగదు. మా డ్రైవరు తాంఖుల్ నాగా కుర్రాడు. అతని హిందీ, మా హిందీ పోటీపడ్డాయి. సంగ్షాక్ వెళ్తాం అంటే ‘జపాన్ వాళ్ల బంధువులా?’ అని అడిగాడు. తెలుగువాళ్లం అన్నాం. అతనికి అదీ కొత్తే.

సంగ్షాక్ కొండ మీద ఊరు. చర్చి, దాని చుట్టూ ఇళ్లు, గాలి. స్మారకం దగ్గర ఇద్దరు పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. 1944 మార్చి 15న బర్మాలో చింద్విన్ నది దాటిన 31వ డివిజన్‌లో ఎడమవైపు దండు ఇక్కడికి వచ్చింది. 58వ రెజిమెంట్, దానితో మేజర్ జనరల్ షిగెసబురో మియజాకి. ఈయన భుజం మీద ఒక పెంపుడు కోతి ఉండేది. పేరు చిబి. మా బావమరిదికి యుద్ధం మొత్తంలో బాగా నచ్చిన పాత్ర ఆ కోతే.

అసలు సంగ్షాక్ మియజాకి వాటా కాదు, 15వ డివిజన్ వాటా. దారిలో శత్రువు కనబడితే వదిలేసి పోవడం ఆయన వల్ల కాలేదు. కొండ మీద ఉన్నది బ్రిటిష్ వైపు 50వ ఇండియన్ పారాచూట్ బ్రిగేడ్. గూర్ఖాలు, మన సైనికులు. నేల అంతా రాయి, మూడడుగులకి మించి కందకం దిగలేదు. ముళ్లకంచె లేదు, నీళ్లు లేవు. విమానాల నుంచి విసిరిన సామానులో చాలా భాగం జపాన్ వాళ్ల వైపు పడింది. మార్చి 22 నుంచి 26 దాకా చర్చి చుట్టూ చేతికి చెయ్యి తగిలేంత దగ్గర్లో కొట్టుకున్నారు. చివరి రాత్రి బ్రిగేడ్ అడవి దారిన ఇంఫాల్ వైపు తప్పుకుంది. కొండ మియజాకిది. రెండు వైపులా చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ వందల్లో.

గెలిచినవాడు ఏం పోగొట్టుకున్నాడో నాలాంటివాడికి తేలిగ్గా అర్థమవుతుంది. మూడు వారాల బియ్యంలో దాదాపు వారం ఇక్కడ తినేశారు. దానికి తోడు చనిపోయిన ఒక జపాన్ అధికారి దగ్గర మ్యాపు దొరికింది. కొహిమా వైపు పోతోంది ఒక రెజిమెంట్ కాదు, డివిజన్ మొత్తం అని దానితో తేలింది. అలాంటి కొండల్లో అంతకంటే పెద్ద సైన్యం నడవలేదని బ్రిటిష్ 14వ సైన్యం కమాండర్ స్లిమ్ అప్పటిదాకా నమ్మాడు. పేపరు మీద చూస్తే ఆయన నమ్మకమూ సబబే. నడవగలిగారు గానీ తినలేకపోయారు.

ఉఖ్రుల్ చేరేసరికి నాలుగున్నర. అప్పటికే చీకటి. కరెంటు లేదు. హోంస్టే ఆవిడ పొయ్యి పక్కన కూర్చోబెట్టి అన్నం, పొగబెట్టిన పంది మాంసం, హాథై మిరపకాయల పచ్చడి పెట్టింది. గుంటూరు కారం తినే మేము మాకేంటిలే అనుకున్నాం. బావమరిది మూడు గ్లాసుల నీళ్లు తాగి మాట్లాడటం మానేశాడు.

ఈ ఊరి పేరు నా నోట్సులో ఎర్రసిరాతో రాసుకున్నాను. ముందుకి వచ్చినప్పటి కథకి కాదు, వెనక్కి పోయినప్పటి కథకి. జూన్‌లో కొహిమా వదిలేసిన డివిజన్ కమాండర్ కోతోకు సాతో, ఉఖ్రుల్ చేరితే తిండి దొరుకుతుందని ఆశపడి సైన్యాన్ని ఇటు నడిపించాడు. వానలో, విరేచనాలతో, మలేరియాతో, బెరిబెరి వాపుతో, కర్రలు పట్టుకుని వచ్చారు. వచ్చి చూస్తే ఇక్కడ గింజ లేదు. మా లెక్కల్లో దీన్ని నిల్ స్టాక్ అంటాం. రేషన్ షాపు ముందు సంచులు పట్టుకుని నిలబడ్డ జనానికి ఆ మాట చెప్పాల్సి వచ్చిన రోజులు నా సర్వీసులో రెండు మూడున్నాయి. ఆ ముఖాలు ఇప్పటికీ గుర్తే. వాళ్లు ఇంటికి పోయి పక్కింట్లో బదులు తెచ్చుకోగలిగినవాళ్లు.

మూడో రోజు: లోంగ్‌పి మీదుగా జెస్సామి

ఈ రోజు మొత్తం రోడ్డుతోనే సరిపోయింది. ఉఖ్రుల్ దాటాక కొన్నిచోట్ల రోడ్డనేది ఉందని నమ్మాలంతే. లోంగ్‌పిలో ఆగాం. ఇక్కడి నల్లకుండలు చక్రం మీద చెయ్యరు. నల్లరాయిని పొడి చేసి మట్టిలో కలిపి, చేత్తో మలిచి, కాల్చి, వేడి మీద ఆకుతో రుద్దుతారు. ఒకామె ముద్దని పలకలా చరిచి చుట్టలా వంచి, లోపల ఒక చెయ్యి, బయట ఒక వెదురు బద్ద పెట్టి తడుతూ కూర్చుంది. కుండ తిరగదు, మనిషే కుండ చుట్టూ తిరగాలి. మూత ఉన్న అన్నం గిన్నె ఒకటి కొన్నాను.

కొనడానికి ఇంకో కారణం ఉంది. కోతి జనరల్ మియజాకి యుద్ధం అయ్యాక టోక్యోలో పింగాణీ సామాను దుకాణం పెట్టుకుని 1965లో పోయేదాకా నడుపుకున్నాడు. ఈ కుండల ఊళ్ల పక్కనుంచే ఆయన సైన్యం పోయింది. అప్పుడు చూశాడో లేదో గానీ, చూసి ఉంటే బాగుణ్ణని నాకో పిచ్చి కోరిక.

మధ్యాహ్నం బురదలో కారు దిగబడింది. తోసీ తోసీ బావమరిది మోకాళ్ల దాకా బురదైపోయాడు. ‘బావా, నవంబర్లోనే ఇలా ఉంటే జూన్లో వాళ్లెలా నడిచారు?’ అన్నాడు. అప్పటిదాకా వాడికి ఇది పిక్నిక్. ఆ తర్వాత ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. అటుగా వస్తున్న పికప్ వాన్ వాళ్లు తాడేసి లాగారు, డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

జెస్సామి చేరేసరికి పూర్తిగా చీకటి. ఇక్కడ, పక్కనే ఖరాసోంలో, 1వ అస్సాం రెజిమెంట్ మార్చి చివర్లో 138వ రెజిమెంట్‌ని నాలుగు రోజులు ఆపింది. కొత్త రెజిమెంట్, అదే మొదటి పెద్ద యుద్ధం. ఆఖరి మనిషి దాకా నిలబడమన్న ఆర్డరు రద్దయిందన్న కబురు కూడా వాళ్లకి సరిగ్గా అందలేదు. మా ఆతిథ్యమిచ్చిన పెద్దాయన ఒకటే మాట చెప్పాడు. జపాన్ వాళ్లు మొదట డబ్బులిచ్చి బియ్యం కొన్నారట, తర్వాత అడగడం మానేశారట. వాళ్ల నాయనమ్మ ధాన్యం బుట్టలు అడవిలో పాతిపెట్టిందట.

నాలుగో రోజు: కొహిమా దాకా

చిజామి, ఫుత్సెరో మీదుగా కొహిమా. నాగాలాండ్‌లోకి రాగానే పర్మిట్లు అడిగారు. నెట్ లేదు. బావమరిది జిరాక్సులు తీసి పోలీసు చేతిలో పెడుతూ నావైపు చూసిన చూపు నేను జన్మలో మర్చిపోను.

దారంతా మెట్ల పొలాల్లో వరికోతలు. ఆడవాళ్లు నుదుటికి పట్టీ వేసుకుని వీపున బుట్టతో నిట్టనిలువు కొండెక్కుతున్నారు. కారు ఆపి, ఒకావిడని అడిగి బుట్ట ఎత్తి చూశాను. పాతిక కిలోలు తగ్గదు. నా చెయ్యి కాటాకి అలవాటుపడ్డ చెయ్యి.

అక్కడే అసలు చిక్కు అర్థమైంది. పాతిక కిలోలు మోసే కూలీ చింద్విన్ నుంచి కొహిమాకి పది రోజుల్లో వస్తాడనుకుందాం. మళ్లీ వెనక్కి పది రోజులు. రోజుకి అరకిలో చొప్పున దారిలో వాడే పది కిలోలు తినాలి. చేరేది పదిహేను. పదిహేను వేల మందికి రోజూ అన్నం పెట్టాలంటే రోజుకి ఐదు వందల మంది కూలీలు వచ్చి దించాలి, దారిలో ఎప్పుడూ పది వేల మంది నడుస్తూ ఉండాలి. ఆ కూలీలు లేరు. ముతగుచి చెప్పిన ఎడ్లు చాలా భాగం చింద్విన్‌లో కొట్టుకుపోయాయి, లోయల్లో పడ్డాయి. బర్మా ఎడ్లు బండి లాగడానికి అలవాటుపడ్డవి, వీపున మూట వేస్తే కదలవు. లారీలు తక్కువ, వెనక రైళ్ల మీద రోజూ విమానాల దాడి.

బర్మాలో బియ్యం లేక కాదు. యుద్ధానికి ముందు ప్రపంచంలో బియ్యం ఎగుమతుల్లో బర్మాదే మొదటి స్థానం. మా తాతయ్యలాంటి కోరంగీలు, అంటే బర్మావాళ్లు తెలుగువాళ్లని పిలిచే పేరు, రంగూన్ మిల్లుల్లో ఆడించి ఓడలకెక్కించిన బియ్యమే మన దేశానికీ వచ్చేది. అంత ధాన్యం ఉన్న దేశాన్ని చేతిలో పెట్టుకుని పదిహేను వేల మందికి రోజుకి ఒక్క లారీ పంపలేకపోయారు.

ఐదో రోజు: టెన్నిస్ కోర్టు

కొహిమా యుద్ధ శ్మశానం ఊరి నడిబొడ్డున, ట్రాఫిక్ హోరు మధ్య ఉంది. మెట్లు మెట్లుగా గడ్డి, వరసగా కంచు పలకలు. మొత్తం 1,420 సమాధులు. కింద పెద్ద రాతిస్తంభం మీద అందరూ ఫొటో తీసుకునే ఆ నాలుగు ఇంగ్లీషు పంక్తులు: ఇంటికి వెళ్లాక మా గురించి చెప్పండి, మీ రేపటి కోసం మా ఈరోజుని ఇచ్చేశామని. ఆ రాయిని నాగాలు లాక్కొచ్చి నిలబెట్టారు.

1944 ఏప్రిల్ మొదటి వారంలో జపాన్ వాళ్లు కొహిమా చుట్టేశారు. లోపల దాదాపు రెండున్నర వేల మంది. అందులో వెయ్యి మంది దాకా తుపాకీ పట్టనివాళ్లు, అంటే గుమస్తాలు, వంటవాళ్లు, స్టోరు మనుషులు. నాలాంటివాళ్లు. ఆ రిడ్జిలో, అంటే గుట్టల వరసలో, ఒక్కో గుట్టకి ఉన్న పేర్లు చూడండి: జైలు గుట్ట, ఫీల్డు సప్లై డిపో గుట్ట, డిటైల్ ఇష్యూ సెక్షన్ గుట్ట. సగం గుట్టలు గోదాముల పేర్లే! ఒక్కొక్కటే పోయి, చివరికి డిప్యూటీ కమిషనర్ బంగళా, దాని టెన్నిస్ కోర్టు దగ్గర ఆగింది. కోర్టుకి ఇటు వాళ్లు, అటు వీళ్లు. మధ్యలో బంతుల బదులు గ్రనేడ్లు.

బంగళా లేదిప్పుడు. కోర్టు గీతలు మాత్రం తెల్లటి కాంక్రీటుతో అలాగే ఉంచారు. నేను ఈ చివర గీత నుంచి ఆ చివర గీతకి నడిచాను. ముప్ఫై అంగల్లో అయిపోయింది. మళ్లీ వెనక్కి నడిచాను. అంతే. ఇటు నిలబడి దగ్గితే అటు వినబడుతుంది. రాత్రిపూట అన్నం డబ్బా మూత చప్పుడైనా వినపడి ఉంటుంది. పక్కన చెర్రీ చెట్టు. అసలు చెట్టు మీద జపాన్ షూటర్లు కాపు వేసేవారు, యుద్ధంలో అది పోయి, మోడు నుంచి వచ్చిన చిగురే ఈ చెట్టు అని అక్కడ పలక మీద రాశారు.

ఏప్రిల్ 18న దీమాపూర్ వైపు నుంచి సాయం చేరింది, 20న లోపలివాళ్లని మార్చారు. అక్కడితో అయిపోలేదు. టెన్నిస్ కోర్టు పూర్తిగా బ్రిటిష్ వాళ్ల చేతికి రావడానికి మే 13 పట్టింది. కొండమీదికి ట్యాంకు ఎక్కించి, కోర్టు మీదికి దించి, బంకర్లలోకి ఎదురుగా కొడితే గానీ జపాన్ వాళ్లు కదల్లేదు. అప్పటికి వాళ్లు వచ్చి నెల దాటింది. మూడు వారాల బియ్యం ఎప్పుడో అయిపోయింది. గడ్డి, వెదురు కొమ్ములు, నాగా ఊళ్లలో దొరికినవి తిని పోరాడుతున్నారు. ఇటువైపు విమానాలు పారాచూట్లతో నీళ్ల డబ్బాలు కూడా జారవిడిచాయి. కొన్ని గాలికి అటు పోయి జపాన్ వాళ్లకి చిక్కాయి. బహుశా కొహిమాలో వాళ్లకి పైనుంచి దిగిన సప్లై అదొక్కటే.

పై మెట్టులో దహనమైన హిందూ, సిక్కు సైనికుల స్మారకం. 917 పేర్లు. మనవాళ్లెవరైనా ఉన్నారేమోనని ఒక్కొక్కటే చదివాను. చాలాచోట్ల ఒక్కటే పేరు, ఇంటిపేరు లేదు. ఇంటిపేరు లేకుండా తెలుగువాణ్ని పోల్చుకోవడం ఎలా? తమిళుడో, మలయాళీయో, మా పక్క ఊరివాడో. అరగంట నిలబడి, మెడనొప్పి పుట్టి దిగిపోయాను.

జపాన్ సమాధులు ఇక్కడ లేవు. తర్వాతి కాలంలో జపాన్ నుంచి వచ్చినవాళ్లు కొండల్లో ఎముకలు ఏరుకుని తీసుకెళ్లారు. వెనక్కి నడిచిన దారికి బతికినవాళ్లు పెట్టుకున్న పేరు ఎముకల దారి.

ఆరో రోజు: బడా బస్తీ, అరాదూరా

బడా బస్తీ అంటే కొహిమా పాత నాగా గ్రామం. యుద్ధంలో దాదాపు చివరిదాకా ఇది జపాన్ వాళ్ల చేతిలోనే ఉంది. ఇక్కణ్ణుంచి చూస్తే రిడ్జి మొత్తం అరచేతిలో గీతలా కనబడుతుంది. టీ దుకాణం ముందు కూర్చుని సాతో సంగతి బావమరిదికి చెప్పాను.

సాతోకీ ముతగుచికీ 1930ల్లోనే పడేది కాదు. సైన్యంలో చెరో ముఠా. బయల్దేరే ముందే సాతో తన అధికారులతో, శత్రువు తూటాలకే కాదు, ఈ కొండల్లో ఆకలి చావుకీ సిద్ధపడి ఉండమని చెప్పాడు. అంత తెలిసీ వచ్చాడు. కొహిమా నుంచి రోజూ తిండి, మందుగుండు అడిగాడు. చింద్విన్ దాటాక ఒక్క తూటా, ఒక్క గింజ రాలేదని వైర్‌లెస్‌లో చెప్పాడు. మే 25న జూన్ 1 లోపల వెనక్కి పోతానని కబురుపెట్టాడు. కోర్టు మార్షల్ చేస్తానని ముతగుచి బెదిరించాడు. చేసుకో, నీ సంగతీ నాతోపాటే బయటపడుతుంది అన్నట్టు బదులిచ్చి, మే 31న దళాలకి వెనుదిరగమని ఆర్డరిచ్చాడు. ఒక డివిజన్ కమాండర్ ఇలా సొంతంగా తప్పుకోవడం జపాన్ సైన్యంలో కనీవినీ ఎరగని పని.

‘మరి ఉరి తీశారా?’ అన్నాడు బావమరిది.

తియ్యలేదు. విచారణ పెడితే సాతో నోరు విప్పుతాడు. అందుకని డాక్టర్లని పంపి, మనిషి మానసికంగా బాగాలేడని రాయించారు. కోర్టు మార్షల్ పెట్టమని ఆయనే అడిగినా పెట్టలేదు. ‘అంటే స్టాకు రాలేదన్నవాడికి పిచ్చి, పంపనివాడు బాగానే ఉన్నాడా’ అన్నాడు వాడు. మా ఆఫీసుల్లో ఇలాంటి ఫైళ్లు నేనూ చూశాను, కాకపోతే అక్కడ పోయేది ఇంక్రిమెంటే.

సాతోని మరీ దేవుణ్ని చెయ్యడం కూడా నాకు ఇష్టం లేదు. కొహిమాకే కట్టుబడి కూర్చోకుండా పక్కనుంచి దీమాపూర్ మీదికి ఒక దండుని పంపి ఉంటే బ్రిటిష్ వాళ్ల పని అయిపోయేదని స్లిమ్ తర్వాత రాశాడు. చొరవ లేని జనరల్ అని వెక్కిరించాడు కూడా. ఏప్రిల్ 8న ముతగుచి దీమాపూర్ పొమ్మన్నాడు గానీ, ఆయన పైన ఉన్న కవాబే అది ప్లానులో లేదని ఆపేశాడు. పై ఆఫీసుకీ కింది ఆఫీసుకీ మధ్య ఎప్పుడూ ఉండేదే. ఇంకొకటి, సాతో సొంతంగా తప్పుకునేసరికి ఇంఫాల్ చుట్టూ ఉన్న మిగతా రెండు డివిజన్ల మీద భారం పడింది. వెనక కొద్ది వందల మందితో మియజాకి మిగిలాడు. వంతెనలు కూలుస్తూ, మలుపు మలుపునా ఆపుతూ జూన్ 22 దాకా రోడ్డు వదల్లేదు. ఆ రోజు 109వ మైలురాయి దగ్గర కొహిమా వైపు నుంచి వచ్చినవాళ్లు, ఇంఫాల్ వైపు నుంచి వచ్చినవాళ్లు కలుసుకున్నారు.

కొహిమా పోరులో ఆ డివిజన్‌లో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, కనపడకుండా పోయినవాళ్లు 5,764 మంది. ఇటువైపు 4,064. ఆకలికీ జబ్బుకీ వెనుదారిలో పోయినవాళ్లు ఈ లెక్కలో లేరు. జులై మొదట్లో మొత్తం దాడే ఆపేశారు. ముతగుచి ముగ్గురు డివిజన్ కమాండర్లనీ తీసేశాడు, చివరికి తనూ పోయాడు. మిగిలిన 31వ డివిజన్ కొత్త కమాండర్ కింద మరుసటి ఏడు ఐరావతి ఒడ్డున మళ్లీ యుద్ధానికి నిలబడింది.

సాయంత్రం అరాదూరా కొండ మీది కథెడ్రల్ చూశాం. దీనికి కొహిమాలో పోయిన జపాన్ సైనికుల బంధువులు కూడా చందాలిచ్చారు. లోపల పెద్ద చెక్క శిలువ, పైకప్పు నాగా ఇంటి వాలు. నాలుగున్నరకి పొద్దు వాలిపోయింది. కింద ఊళ్లో లైట్లు వెలుగుతుంటే, టెన్నిస్ కోర్టు ఎక్కడుందో వెతికాను. ఆ చోటు మాత్రం చీకటిగా ఉంది.

ఏడో రోజు: దీమాపూర్

కొహిమా నుంచి దీమాపూర్ 74 కిలోమీటర్లు. 31వ డివిజన్ చేరలేకపోయిన దూరం. రోడ్డు పనుల దుమ్ములో మూడు గంటలకి పైగా పట్టింది, వీపు నొప్పి తప్ప చెప్పుకోవాల్సింది లేదు.

దీమాపూర్ స్టేషన్‌కి అప్పటి పేరు మణిపూర్ రోడ్డు. ప్లాట్‌ఫారం మీద నిలబడి తాతయ్యకి అన్నం పెట్టింది ఎక్కడై ఉంటుందా అని చూశాను. పూరీలు అమ్మే బండి, వాటర్ బాటిళ్లు, కూలీల ఎర్ర చొక్కాలు. రైలుకి గంటన్నర ఉంటే ఎదురుగా హోటల్లో అన్నం, పప్పు, ఆలూ వేపుడు తిన్నాం. బావమరిది ఇంకోసారి అన్నం అడిగితే సర్వరు బేసిన్‌తో వచ్చి కుమ్మరించి పోయాడు. డబ్బులు అదనంగా తీసుకోలేదు.

1944లో ఇక్కడ బ్రిటిష్ సప్లై డిపో పదకొండు మైళ్ల పొడవు, ఒక మైలు వెడల్పు. బియ్యం, పిండి, పెట్రోలు, బూట్లు, మందులు. ఏప్రిల్ మొదట్లో దాన్ని కాపాడటానికి సరైన సైన్యం కూడా లేదు.

రైలు కదిలాక ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఒళ్లో లోంగ్‌పి కుండ, కండువాలో చుట్టి. పదకొండు మైళ్లంటే పద్దెనిమిది కిలోమీటర్లకి కాస్త తక్కువ. ఆ డిపో పట్టాల వెంటే ఉండేదని కాదు, ఊరికే ఎంత దూరమో చూద్దామని. గుడిసెలు, కోసిన పొలాలు, చెరువులు, ఇటుకబట్టీ, మళ్లీ పొలాలు. ‘ఇంకా బస్తాలేనా బావా?’ అన్నాడు వాడు. ఇంకా బస్తాలే అన్నాను. ఫోన్లో పద్దెనిమిది పడేసరికి పాతిక నిమిషాలైంది.